గుంటూరు మిషన్ ఆద్యుడు ఫాదర్ హయ్యర్

గుంటూరు, పల్నాడు, రాజమండ్రి ప్రాంతాల లూథరన్ క్రైస్తవులు ఏటా జూలై 31న ఫాదర్ హయ్యర్‌ను స్మరించుకుంటారు. 1842లో ఆ రోజునే ఆయన గుంటూరులో అడుగుపెట్టారు. మన జిల్లాలో ఆయన పేరు తెలియని లూథరన్ కుటుంబం ఉండదు. అయితే ఆయన అమెరికాలో ఒక ప్రాంతీయ సంఘానికి తొలి అధ్యక్షుడిగా పనిచేశారని, ఆ తరువాత 76వ ఏట మళ్లీ గోదావరి ఒడ్డుకు వచ్చారని చాలామందికి తెలియదు.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. అప్పట్లో ఐరోపా అంతా నెపోలియన్ యుద్ధాలతో అట్టుడుకుతోంది. కుర్రవాడు సైన్యం పాలవుతాడేమోనన్న భయంతో తల్లిదండ్రులు 1807లో ఆయనను అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరకు పంపించారు. అక్కడే వేదాంత విద్య ప్రారంభించి, జర్మనీలోని గోటింగెన్‌లోనూ కొంతకాలం చదివారు. 1817లో బోధించడానికి అనుమతి లభించింది. 1820లో పాస్టర్‌గా అభిషేకం పొందారు. 1819లో ఇద్దరు పిల్లలున్న ఒక వితంతువును వివాహం చేసుకున్నారు.

సుమారు ఇరవై ఏళ్లపాటు పెన్సిల్వేనియా, మేరీలాండ్ మొదలుకొని పశ్చిమాన కొత్తగా ఏర్పడుతున్న ఊళ్ల వరకు తిరిగారు. చెదిరి ఉన్న జర్మన్ కుటుంబాలను చేరదీసి సంఘాలు కట్టారు. 1839లో భార్య మరణించింది. మరుసటి సంవత్సరాల్లో భారతదేశానికి మిషనరీని పంపాలని లూథరన్లు సంకల్పించినప్పుడు ఎంపిక ఆయన మీదనే పడింది. అయితే మరో శాఖకు చెందిన అమెరికన్ బోర్డు అజమాయిషీలో పనిచేయాలన్న షరతు ఆయనకు నచ్చలేదు. ఆ నియామకాన్ని వదులుకున్నారు. చివరకు పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే లూథరన్ సంఘం తన ఖర్చులతో ఆయనను పంపింది.

గుంటూరులో తొలి అడుగులు

1841 అక్టోబర్‌లో బోస్టన్ రేవులో ఓడ ఎక్కిన హయ్యర్, 1842 మార్చిలో కొలంబో చేరారు. మద్రాసు, నెల్లూరుల మీదుగా గుంటూరు వచ్చారు. నందన కరువు తుడిచిపెట్టి అప్పటికి పదేళ్లే అయింది. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించి, ఇక్కడే ఉండిపొమ్మని కోరారు. తెలుగు నేర్చుకుంటూనే హయ్యర్ బడులు తెరిచారు. ఆడపిల్లలకు కూడా బడి పెట్టారు. 1844లో వాల్టర్ గన్ అనే పాస్టర్ సహాయంగా వచ్చారు.

ఆరోగ్యం దెబ్బతిని అమెరికా వెళ్లిన హయ్యర్ అక్కడ ఊరక కూర్చోలేదు. జ్వరాలకు, కలరాకు మందిచ్చేవారు లేక పల్లెజనం పడే బాధ చూసిన మనిషి కావడంతో, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1847లో డాక్టర్ పట్టా పుచ్చుకున్నారు. తిరిగి వచ్చి 1849లో పల్నాడు వెళ్లి, నాయకురాలి గురజాలలో నివాసం ఏర్పరచుకున్నారు. నేటి పల్నాడు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతానికి అప్పట్లో సరైన దారులు లేవు. ఎండలు సరేసరి. మాలపల్లెల్లో తిరిగి బోధించారు, వైద్యం చేశారు, పిల్లలకు చదువు చెప్పించారు. 1851లో గుంటూరులో గన్ మరణించారు. దాదాపు అదే కాలంలో ఉత్తర జర్మన్ మిషన్ వారి రాజమండ్రి కేంద్రం కూడా అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. హయ్యర్ అక్కడ కూడా పనిచేసి 1857లో స్వదేశం వెళ్లారు.

సంఘాధ్యక్ష పదవి

విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన మంచుదేశమైన మిన్నెసోటాకు వెళ్లారు. అక్కడ సెయింట్ పాల్ పట్టణంలో పాస్టర్‌గా చేరారు. వలస వచ్చిన జర్మన్ కుటుంబాలు ఊరికొకటి, రెండుగా ఉండేవి. పాస్టర్లు కొద్దిమందే. ఎవరికి వారుగా ఉన్న ఆ సంఘాలు 1860లో కలిసి మిన్నెసోటా సినడ్‌గా ఏర్పడ్డాయి. నాయకుడు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు నలభై ఏళ్ల అనుభవం ఉన్న హయ్యర్‌నే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అది మన బిషప్ పదవికి దగ్గరి హోదా. కాని ఆ పదవిలో దర్జా లేదు. దూరాభారపు ప్రయాణాలు, పాస్టర్లు లేని ఊళ్లకు పాస్టర్లను చూడటం, ఇదే పని.

76వ ఏట మళ్లీ ప్రయాణం

అమెరికా అంతర్యుద్ధంతో మిషన్‌కు డబ్బు కరువైంది. మనుషులూ లేరు. రాజమండ్రి కేంద్రాన్ని ఇంగ్లండు చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ఆలోచన సాగింది. 1869లో పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో జరిగిన మినిస్టీరియం సమావేశానికి హయ్యర్ వచ్చారు. అప్పటికి మిన్నెసోటా బాధ్యతలు ఆయనకు లేవు. పదిమందితో కట్టిన పనిని పరులకు వదలవద్దని వాదించారు. వెళ్లేవారు ఎవరన్న మాట వచ్చినప్పుడు తానే వెళతానని లేచారు. ఆ ముసలాయన మాటకు సభ ఎదురు చెప్పలేకపోయింది. అప్పగింత ఆగింది.

ఆ ఏడాది ఆగస్టులో బయలుదేరి డిసెంబర్‌లో రాజమండ్రి చేరారు. మిషన్‌ను చక్కదిద్ది, 1870లో వచ్చిన ష్మిట్ అనే యువ మిషనరీకి పని నేర్పి అప్పగించారు. 1871లో తిరిగి వెళ్లి ఫిలడెల్ఫియా వేదాంత పాఠశాలలో విద్యార్థులకు పెద్దదిక్కుగా ఉన్నారు. 1873 నవంబర్ 7న 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పెన్సిల్వేనియాలో భార్య సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు.

ఆయన నాటిన మొక్కను తరువాతివారు పెంచారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి వైద్యసేవ కొనసాగించారు. ఆనాడు చేజారిపోవలసిన రాజమండ్రి, గుంటూరుతోపాటు 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిలో భాగమైంది. పదవులు పొందిన పెద్దలు ఎందరో ఉంటారు. పదవి దిగిన తరువాత కష్టమున్న చోటికి తిరిగి వెళ్లిన పెద్దగా హయ్యర్‌ను ఈ ప్రాంత ప్రజలు గుర్తుంచుకున్నారు.