తొలి అడుగు ఎలక్ట్రికల్‌లోకి.. తెలుగింటి ఇంజినీర్ లలిత

ఇంజినీరింగ్ ప్రవేశాల వేళ వచ్చిందంటే ఏ బ్రాంచి తీసుకోవాలన్న చర్చ ఇంటింటా మొదలవుతుంది. ఎక్కడ కొలువు దొరుకుతుంది, ఎంత జీతం వస్తుందన్నదే పలువురి లెక్క. 1940లో ఒక తెలుగింటి ఆడపడుచు వేసుకున్న లెక్క వేరు. పసిబిడ్డను పెంచుకుంటూ చేయగల ఉద్యోగం ఏదన్నదే ఆమె ముందున్న ప్రశ్న. ఆమే దేశపు తొలితరం మహిళా ఇంజినీర్ అయ్యలసోమయాజుల లలిత.

1919 ఆగస్టు 27న మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో లలిత జన్మించారు. 15వ ఏట వివాహమైంది. 18వ ఏటనే భర్తను కోల్పోయారు. అప్పటికి ఒడిలో నాలుగు నెలల కుమార్తె. వితంతువులు గడప దాటడమే తప్పుగా ఎంచే రోజులవి. అయినా తండ్రి పప్పు సుబ్బారావు ఆమెను చదువు వైపు నడిపించారు. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణిలో పూర్తిచేశారు.

వైద్యవిద్య అభ్యసించే అవకాశం ఉన్నా ఆమె వద్దనుకున్నారు. అర్ధరాత్రి పిలుపు వస్తే బిడ్డను విడిచి వెళ్లవలసి వస్తుందన్నదే కారణం. వేళకు వెళ్లి వేళకు ఇల్లు చేరే వృత్తిగా ఇంజినీరింగ్‌ను ఎంచుకున్నారు. తండ్రి గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఆచార్యులు కావడంతో ఆ శాఖ వైపే మొగ్గారు.

అంతవరకు ఆ కళాశాలలో బాలికలకు ప్రవేశం లేదు. సుబ్బారావు అభ్యర్థనను ప్రిన్సిపాల్ కె.సి.చాకో మన్నించడంతో 1940లో తలుపులు తెరుచుకున్నాయి. అనంతరం చేరిన లీలమ్మ జార్జి, పి.కె.త్రేసియా సివిల్ శాఖను ఎంచుకున్నారు. లలిత హాస్టల్లో ఉండి చదివారు. ఏ బిడ్డ కోసం ఈ చదువును ఎంచుకున్నారో ఆ బిడ్డను వారాంతాల్లోనే చూడగలిగేవారు. చివరకు పట్టా చేతికొచ్చింది. అందులో పురుషుణ్ని సూచించే పదాన్ని కొట్టివేసి, స్త్రీని సూచించే పదాన్ని చేతితో రాయవలసి వచ్చింది.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొంది, సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేశారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, విద్యుత్ సరఫరా లైన్లు, సబ్‌స్టేషన్ల రూపకల్పనలో మూడు దశాబ్దాలపాటు కృషిచేశారు. భాక్రానంగల్ ప్రాజెక్టు పనుల్లోనూ పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు హాజరయ్యారు.

1977లో పదవీ విరమణ చేసి, 1979లో 60వ ఏట కన్నుమూశారు. బిడ్డ పెంపకానికి అనువుగా ఎంచుకున్న ఆ విద్య, ఆమెకు జీవితాంతం సొంత కాళ్లపై నిలిచే బలాన్నిచ్చింది.