దర్జీ కొడుకు గెంతించిన బంతి

పాలకూర తిని కండలు పెంచే పొపాయ్ బొమ్మను టీవీలో చూసి నవ్వని పిల్లలు మన ఇళ్లలో తక్కువ. 1933లో ఆ బొమ్మను వెండితెర మీద నడిపించిన మాక్స్ ఫ్లైషర్ కూడా, మనలాగే, సంఖ్యలో తక్కువైన జనంలో పుట్టి పెరిగినవారు. అందుకే ఆయన జీవితం గురించి మన సభ్యులతో నాలుగు మాటలు పంచుకుంటున్నాము.

ఫ్లైషర్ 1883 జూలై 19న, నేడు పోలండులో ఉన్న క్రాకో నగరంలో, ఒక యూదు దర్జీ ఇంట పుట్టారు. 1887లో ఆ కుటుంబం న్యూయార్కుకు వలస వెళ్లింది. కొన్నేళ్లకు తండ్రి వ్యాపారం దెబ్బతిని, బీదల పేటకు మారవలసి వచ్చింది. మగ్గాన్ని నమ్ముకుని బతికిన మన గుడియాత్తం కుటుంబాలకు ఆ కష్టం విడమరిచి చెప్పనక్కరలేదు.

మాక్స్ ఒక పత్రికాఫీసులో పైపనుల కుర్రవాడిగా చేరి బొమ్మలు గీసే ఉద్యోగానికి ఎదిగారు. తమ్ముడు డేవ్‌కు జోకరు వేషం వేసి ఫిల్ము తీసి, ఒక్కొక్క ఫ్రేమునూ అద్దం మీద వేసుకుని, ఆ కదలికలను కాగితం మీదికి దించారు. ఆ పరికరానికి 1917లో పేటెంటు వచ్చింది.

1924లో ఆయన పాటల బొమ్మలు మొదలుపెట్టారు. తెర మీద పాట అక్షరాలు, వాటి మీద గెంతే ఒక బంతి. బంతి ఏ మాట మీద వాలితే హాలంతా ఆ మాట పాడాలి. ఎన్నో దేశాల నుంచి వచ్చినవాళ్లు కలిసి బతికే నగరమది.

1930లో ఆయన స్టూడియో నుంచి బెట్టీ బూప్ వచ్చింది. 1932 నాటి ఒక చిత్రంలో, వలస యాసతో మాట్లాడే తల్లిదండ్రులు బెట్టీని తినమని పోరుతారు. తిట్టీ తిట్టీ తండ్రి తల గ్రామఫోను అయిపోతుంది, తల్లి రికార్డు మారుస్తుంది. తమిళం కలిసిన మన తెలుగుకు నవ్వేవాళ్లను మనమూ చూశాము. కానీ ఇది ఇంటివాడు నవ్వించిన నవ్వు. అందులో చిన్నచూపు లేదు.

అయితే అదే ఏడాది మరో చిత్రంలో, నల్లజాతి సంగీత విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తలను అడవి మనిషి బొమ్మగా మార్చి చూపించారు. తన ఇంటి యాసను మురిపెంగా చూపిన స్టూడియో, పక్కింటివాడిని కించపరిచింది. ఇదీ చెప్పుకోవాలి.

1934లో సినిమాల మీద కట్టుబాట్లు బిగిశాయి. బెట్టీ గౌను పొడుగైంది, ఆమె చిలిపితనం తగ్గింది. ఆ తరువాత స్టూడియో పారమౌంట్ చేతుల్లోకి పోయింది. ఫ్లైషర్ 1972 సెప్టెంబరులో, సినిమావారి వృద్ధాశ్రమంలో కన్నుమూశారు.

వేలూరు, గుడియాత్తం వైపు మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పాట మాత్రం నోటికి వస్తుంది. వచ్చే ఉగాది సభలో పిల్లలకు తెలిసిన ఒక పాటను పెద్ద అక్షరాలతో తెర మీద వేసి, మాట మాటకూ బంతిని గెంతిద్దామని మా ఆలోచన. సెల్‌ఫోనులో ఇటువంటి పని తెలిసిన యువకులు ముందుకు రావాలని కోరుతున్నాము.