రిచర్డ్ డ్రూ – స్కాచ్ టేపుకు ఆ పేరు ఎలా వచ్చింది?

చిరిగిన పుస్తకం పుటను అతికించడానికి, కానుకకు చుట్టిన రంగు కాగితం ఊడకుండా ఉంచడానికి మనం వాడే పారదర్శకమైన టేపు మీకు తెలుసు. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో ఉన్న తెలుగువారైనా, శ్రీకాకుళంలో ఉన్న వారి బంధువులైనా దాన్ని సెలోటేపు అనే అంటారు. అమెరికాలో మాత్రం దానికి వాడుక పేరు స్కాచ్ టేపు. స్కాచ్ అంటే స్కాట్లాండుకు చెందినది అని అర్థం. కాని ఆ టేపు పుట్టింది స్కాట్లాండులో కాదు. మరి ఆ పేరు ఎందుకు వచ్చింది? దాన్ని కనిపెట్టిన రిచర్డ్ డ్రూ జీవితం చదివితే తెలుస్తుంది.

డ్రూ 1899 జూన్ 22న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ నగరంలో పుట్టాడు. ఇంజనీరింగు చదవాలని విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువు ఖర్చుల కోసం రాత్రిపూట నాట్యశాలల్లో బాంజో అనే తీగల వాద్యం వాయించేవాడు. అయినా చదువు ఎక్కువ కాలం సాగలేదు. మధ్యలోనే కళాశాల మానేశాడు. యంత్రాల రూపకల్పనను మాత్రం పోస్టు ద్వారా వచ్చే పాఠాలతో నేర్చుకున్నాడు. మీరు ఇప్పుడు చదువుతున్న పద్ధతి లాంటిదే అది.

1921 ప్రాంతంలో అతనికి త్రీఎమ్ కంపెనీ ప్రయోగశాలలో సహాయకుడి ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో ఆ కంపెనీ ముఖ్యంగా ఉప్పు కాగితం, అంటే కొయ్యనూ లోహాన్నీ రుద్ది నునుపు చేసే గరుకు కాగితం, తయారు చేసేది. నీటితో తడిపి రుద్దగల కొత్త రకం కాగితం నమూనాలు పట్టుకొని డ్రూ కార్లకు రంగులు వేసే షెడ్లకు వెళ్ళేవాడు.

అప్పట్లో కార్లకు రెండు రంగులు వేయించుకోవడం కొత్త మోజు. ఒక రంగు ఆరాక, దాన్ని కాగితంతో కప్పి, పక్కన రెండో రంగు కొట్టాలి. రెండు రంగులు కలిసే గీత తిన్నగా రావాలి. రైలుపెట్టెల మీద పట్టీలకు రంగు వేసేటప్పుడు చూసినవారికి ఈ చిక్కు తేలికగా అర్థమవుతుంది. షెడ్డులోని పనివారు పాత వార్తాపత్రికలను జిగురుతో అంటించేవారు, లేదా ఆస్పత్రిలో వాడే ప్లాస్టరు వేసేవారు. దాన్ని లాగితే కింది రంగు కూడా పెచ్చులుగా ఊడి వచ్చేది. చేసిన పనంతా మళ్ళీ మొదటికి వచ్చేది. 1923లో ఒక షెడ్డులో పనివారు ఇలా నష్టపోయి తిట్టుకోవడం డ్రూ విన్నాడు. గట్టిగా అంటుకుని, లాగితే శుభ్రంగా ఊడివచ్చే టేపు తాను చేసి తెస్తానని వారికి మాట ఇచ్చాడు. తన కంపెనీకి టేపుల సంగతే తెలియదని అతను ఆలోచించినట్టు లేదు!

ప్రయోగాలు రెండేళ్ళు సాగాయి. కంపెనీ పెద్ద విలియం మెక్‌నైట్ ఒక దశలో ఆ పని ఆపి ఉప్పు కాగితం పని చూసుకోమన్నాడు. డ్రూ కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. మెక్‌నైట్ అది చూసి కూడా ఏమీ అనలేదు. తరువాత ఒక యంత్రం కావలసి వచ్చింది. డబ్బు మంజూరు కాలేదు. 100 డాలర్ల లోపు ఖర్చుకు డ్రూ స్వయంగా సంతకం పెట్టవచ్చు. అందుచేత 99 డాలర్ల బిల్లులు వరుసగా పెట్టి ఆ యంత్రాన్ని తెప్పించాడు. ఈ తెలివిని మెచ్చుకోవాలో లేదో మీరే ఆలోచించండి. తరువాత తాను చేసింది అతనే మెక్‌నైట్‌కు చెప్పేశాడు. ఉద్యోగం పోలేదు.

1925లో మాస్కింగ్ టేపు తయారైంది. అది ముడతల కాగితంతో చేసిన 2 అంగుళాల వెడల్పు పట్టీ. జిగురు రెండు అంచులకే పూశారు, మధ్యలో పూయలేదు. షెడ్డులో అంటించి చూస్తే, కింద వేలాడే కాగితం బరువుకు అది ఊడిపోయింది. పనివాడికి కోపం వచ్చింది. దీన్ని తీసుకుపోయి మీ స్కాచ్ యజమానులకే ఇచ్చి, ఇంకాస్త జిగురు పూయమని చెప్పమన్నాడట. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు అని మనం పిసినారిని అంటాం కదా, ఆ అర్థంలోనే అక్కడ స్కాచ్ అన్న మాట వాడేవారు. ఒక దేశం వారందరినీ పిసినారులనడం న్యాయం కాదు గాని, ఆ రోజుల్లో అది అందరి నోటా ఉన్న ఎగతాళి. ఇది కంపెనీవారు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ. టేపుకు జిగురు పెరిగింది, తిట్టు పేరుగా నిలిచిపోయింది. తరువాత టేపు పెట్టెల మీద స్కాట్లాండు గళ్ళ గుడ్డ నమూనాను కూడా అచ్చు వేశారు.

పారదర్శకమైన టేపుకు కారణం రైలుపెట్టెలే. 1929లో సెయింట్ పాల్‌లోని ఒక సంస్థకు, సరుకును చల్లగా ఉంచే రైలుపెట్టెల్లో అమర్చే పొరలను తేమ చొరకుండా మూసే టేపు కావలసి వచ్చింది. సెలోఫేన్ అనే గాజులాంటి పొర మీద జిగురు పూసి చూద్దామని డ్రూకు తోచింది. కాని అది వేడికి ముడుచుకునేది, యంత్రంలో చీలిపోయేది, జిగురు సమంగా పరుచుకునేది కాదు. ముందు ఒక పలుచని పూత వేసి, దాని మీద జిగురు పూయడంతో చిక్కు తీరింది. 1930లో టేపు బయటికి వచ్చింది. అప్పటికి అమెరికాలో ఆర్థిక మాంద్యం మొదలైంది. కొత్తవి కొనే శక్తి లేని జనం చిరిగిన పుస్తకాలు, విరిగిన బొమ్మలు అన్నీ దానితోనే బాగు చేసుకున్నారు. అమ్మకాలు పెరిగాయి. పిసినారి పేరున్న టేపు పొదుపు చేసేవారి చేతికి చేరడం చిత్రమే.

మనం సెలోటేపు అనే మాటకు మూలం ఇంగ్లండు. 1937లో లండన్‌లో ఇలాంటి టేపును తయారు చేసి సెలోటేప్ అని పేరు పెట్టారు. సెలోఫేన్ అప్పటికే రిజిస్టరైన పేరు కాబట్టి, మొదటి అక్షరం సి బదులు ఎస్ వేశారు.

డ్రూ 1962లో ఉద్యోగ విరమణ చేశాడు. అప్పటికి అతని పేరిట 30 పేటెంట్లు ఉన్నాయి. 1980 డిసెంబరు 14న, 81వ ఏట, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో మరణించాడు. 2007లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో అతని పేరు చేర్చారు.