లీటరు లెక్క నేర్పిన రుడాల్ఫ్ డీజిల్



డీజిల్ అంటే మన ఉండి, ఆకివీడు, భీమవరం ప్రాంతంలో బంకులో పట్టించుకునే నూనె. చేపల లోడు ఎత్తే బొలెరో పికప్‌కూ, ధాన్యం తోలే ట్రాక్టరుకూ, కరెంటు పోయిన రాత్రి రొయ్యల చెరువు మీద ఏరియేటర్లు తిప్పే జనరేటరుకూ అదే ప్రాణం. అది ఒక మనిషి ఇంటిపేరు అని మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఈ సంచికలో ఆ మనిషి జీవితం రాద్దామని మేము అనుకోవడానికి కారణాలు రెండు. ఆయన కూడా మనలాగే స్కాలర్‌షిప్పు మీద చదివిన పేదింటి కుర్రాడు. అదీకాక, మనలో ఎంతోమంది నాన్నలు బండి తోలేవారు, లోడు ఎత్తేవారు. సాయంత్రం ఇంటికి ఎంత మిగిలిందన్నది ఆ రోజు బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందన్న దాని మీదే ఉంటుంది. ఆ లెక్క కోసం జీవితమంతా ధారపోసినవాడు రుడాల్ఫ్ డీజిల్.

బాల్యం

రుడాల్ఫ్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా నుంచి బతుకుతెరువు కోసం వలస వచ్చినవారు. తండ్రి థియోడర్ పుస్తకాలు బైండింగు చేసేవాడు, తోలు వస్తువులు కుట్టేవాడు. తయారైన సరుకును తోపుడు బండి మీద వేసుకుని గిరాకీల ఇళ్ళకు చేర్చడం చిన్న రుడాల్ఫ్ పని. బరువు లాగడమంటే ఏమిటో ఆ పిల్లవాడికి ఒంటితోనే తెలిసింది.

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. జర్మనీ వాళ్ళు పారిస్ వదిలిపోవలసి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. అక్కడ ఇల్లు గడవడం కష్టమైంది. పన్నెండేళ్ళ కొడుకును ఒక్కడినే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణానికి, బంధువుల ఇంటికి పంపించారు. ఆ ఇంటి పెద్ద క్రిస్టాఫ్ బార్నికెల్ అక్కడి వృత్తి విద్యా పాఠశాలలో లెక్కల మాస్టారు. ట్రంకు పెట్టె పట్టుకుని ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో హాస్టలు గుమ్మం ఎక్కిన మనకు ఆ పిల్లవాడి మొదటి రాత్రి ఎలా గడిచిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

చదువు

ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ తరగతిలో మొదటివాడుగా నిలిచాడు. ఇంజనీరు కావాలని పద్నాలుగో ఏటే నిశ్చయించుకుని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో స్కాలర్‌షిప్పు వచ్చింది. ఇంట్లో వాళ్ళకు ఇష్టం లేదు. చదివింది చాలు, పనిలో చేరి నాలుగు డబ్బులు సంపాదించమన్నారు. ఆ మాట మన ఇళ్ళల్లోనూ వినపడేదే. చెప్పినవారి తప్పు కాదు, చెప్పించేది ఇంటి పరిస్థితి. రుడాల్ఫ్ స్కాలర్‌షిప్పునే ఎంచుకున్నాడు. 1879లో చివరి పరీక్షల వేళకు టైఫాయిడ్ జ్వరం పట్టుకుంది. పరీక్ష పోయింది. ఆ ఖాళీ నెలల్లో స్విట్జర్లాండులోని సుల్జర్ యంత్రాల కర్మాగారంలో చేరి చేతి పని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత శ్రేణిలో పట్టా పుచ్చుకున్నాడు.

మ్యూనిక్‌లో ఆయనకు పాఠం చెప్పినవారు కార్ల్ వాన్ లిండే. యంత్రంతో చల్లదనం పుట్టించే విద్యలో ఆయన ప్రపంచ ప్రసిద్ధుడు. చదువయ్యాక డీజిల్ పారిస్ వెళ్ళి లిండే వారి ఐస్ ఫ్యాక్టరీ పనిలో చేరి, ఏడాదికల్లా దాని డైరెక్టరు అయ్యాడు. మన కొల్లేటి చేపలు ఐసు ముక్కల మధ్య సర్దుకుని డీజిల్ లారీ ఎక్కి కలకత్తా దాకా పోతాయి. ఆ ఐసుకూ, ఆ ఇంజనుకూ మూలం ఒకే గురుశిష్యుల జంట అని తెలిసినప్పుడు మాకు చాలా ఆశ్చర్యం వేసింది.

మిగతా తొంభై వంతులు ఎక్కడికి పోతున్నాయి?

లిండే పాఠంలో విన్న ఒక విషయం డీజిల్‌ను వదలలేదు. ఆ రోజుల్లో లోకాన్ని నడిపింది ఆవిరి యంత్రం. బొగ్గు మండిస్తే పుట్టే వేడిలో వందకు పది వంతులు కూడా పనిగా మారేవి కావు. మిగిలిందంతా పొగగొట్టంలోంచి, నీటి ఆవిరిలోంచి వృథాగా పోయేది. ఆ వృథాను తగ్గించే యంత్రం కావాలని డీజిల్ పట్టుపట్టాడు. పెద్ద కంపెనీల ఆవిరి యంత్రాల ముందు నిలవలేని చిన్న చేతిపనివారికి చవకగా నడిచే ఇంజను ఇవ్వాలన్నది ఆయన మరో కోరిక.

మొదట అమ్మోనియా ఆవిరితో నడిచే ఇంజను ప్రయత్నించాడు. అది పేలి ప్రాణం మీదికి వచ్చింది, నెలల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. తరువాత దారి మార్చాడు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మనకందరికీ తెలుసు. గాలిని ఇరుకులో అదిమితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజనులో పిస్టను గాలిని ఎంత గట్టిగా అదుముతుందంటే ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నూనె చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకు ఉండే స్పార్క్ ప్లగ్గు దీనికి అక్కరలేదు. ఈ పద్ధతికి 1892లో పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు, 1893లో పుస్తకం రాశాడు. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం, క్రుప్ కంపెనీ ప్రయోగాలకు పెట్టుబడి పెట్టాయి.

1893 ఆగస్టులో మొదటి ప్రయత్నంలో ఇంజను మీది కొలత పరికరం పేలి ముక్కలు ఎగిరిపడ్డాయి. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తనంత తాను ఒక్క నిమిషం నడిచింది. సరిగ్గా మూడేళ్ళకు, 1897 ఫిబ్రవరి 17న, ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ అందరి ఎదుట పరీక్ష చేశారు. సుమారు 20 హార్స్‌పవర్ ఇంజను. నూనె ఇచ్చిన వేడిలో 26 శాతానికి పైగా పనిగా మారింది. కాగితం మీద డీజిల్ వేసుకున్న లెక్క 70 శాతం దాటింది. దానితో పోలిస్తే ఇది తక్కువే. ఆవిరి యంత్రంతో పోలిస్తే రెండున్నర రెట్లకు పైనే. కాగితం మీది లెక్క వేరు, ఇంజను ఇచ్చే లెక్క వేరు. ఇంజను చెప్పినదాన్ని బట్టి ఆయన తన డిజైను మార్చుకున్నాడు.

మన రోడ్డు మీద ఆ లెక్క

డీజిల్ బండి మైలేజి ఎక్కువ ఇవ్వడానికి కారణాలు ఈనాటికీ ఇవే. గాలిని ఎక్కువగా అదమడం వల్ల వేడిలో ఎక్కువ వాటా పనిగా మారుతుంది. పెట్రోలు ఇంజనులో వేగం తగ్గించాలంటే గాలి దారిని ఒక రేకు మూస్తుంది, ఆ సందులోంచి గాలి పీల్చడానికే కొంత శక్తి పోతుంది. డీజిల్ ఇంజనులో గాలిని అలా బిగించరు, నూనెనే తగ్గిస్తారు. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కన్నా సుమారు పదో వంతు ఎక్కువ వేడి ఉంటుంది. 

అయితే కంపెనీ చెప్పిన మైలేజి మన చెరువు గట్ల మీద రాదు. గతుకుల్లో రెండో గేరు, ఐసుతో కలిపిన బరువు, లోడు ఎత్తేదాకా ఆపకుండా ఉంచిన ఇంజను, గాలి తగ్గిన టైర్లు, ఖాళీ బండితో తిరుగు ప్రయాణం, వీటన్నిటికీ నూనె కావాలి. అమెరికాలో 3,850 కిలోల పైచిలుకు అనుమతి బరువున్న పెద్ద పికప్ ట్రక్కులకు మైలేజి చీటీ అంటించాలనే నియమం లేదు. అక్కడి వాళ్ళు కూడా మన డ్రైవర్లలాగే ట్యాంకు నిండా పట్టించి, నడిపి, మళ్ళీ నిండా పట్టించి, కిలోమీటర్లను లీటర్లతో భాగించుకోవలసిందే.

ఒక లెక్క చూద్దాం. రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 12 ఇస్తే 10 లీటర్లు చాలు. 10 ఇస్తే 12 లీటర్లు కావాలి. రోజుకు 2 లీటర్ల తేడా, 300 రోజులకు 600 లీటర్లు. అది ఒక పిల్లవాడి చదువు ఖర్చు. మరో సంగతి. ఒకటిన్నర టన్ను మోసే పికప్ లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తే, లీటరుకు టన్ను సరుకు 18 కిలోమీటర్లు కదిలినట్టు. 20 టన్నుల లారీ లీటరుకు 4 మాత్రమే ఇచ్చినా, టన్ను సరుకు 80 కిలోమీటర్లు కదిలినట్టు. మైలేజిని లోడుతో కలిపి చూడాలి.

కీర్తి, అప్పులు, ముగింపు

1897 తరువాత డీజిల్ ధనవంతుడయ్యాడు. అమెరికాలో అడాల్ఫస్ బుష్ హక్కులు కొన్నాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆయన ఇంజనుకు అత్యున్నత బహుమతి వచ్చింది. అక్కడే ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచింది. 1912లో సెలాండియా అనే డెన్మార్కు ఓడ డీజిల్ ఇంజన్లతో సముద్రాలు దాటింది.

కానీ మనిషి లోపల అరిగిపోయాడు. పేటెంటు తగాదాలు, విశ్రాంతి లేని పని వల్ల 1898లో ఆరోగ్యం చెడి చికిత్సాలయంలో చేరవలసి వచ్చింది. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టాడు, భూముల వ్యాపారంలో డబ్బు పెట్టి నష్టపోయాడు. సమాజం సహకార పద్ధతిలో నడవాలని 1903లో రాసిన పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చిన్న పనివారి కోసం అనుకున్న ఇంజను బరువైనది, ఖరీదైనది కావడంతో ముందుగా పెద్ద కర్మాగారాలకే చేరింది.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. భోజనం చేసి రాత్రి పది గంటల వేళ గదికి వెళ్ళాడు. తెల్లవారి చూస్తే పక్క నలగలేదు, మనిషి లేడు. కొన్నాళ్ళకు సముద్రంలో దొరికిన వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. అప్పటికి ఆయన వయసు 55. తానే దూకాడని ఎక్కువమంది నమ్ముతారు, ఇంకా వేరే మాటలూ ఉన్నాయి. చేతిలో డబ్బు లేదని, అప్పులు మీద పడ్డాయని మాత్రం తరువాత బయటపడింది. ఆయన ఇంజను అమర్చిన లారీలు 1920లలో గానీ రోడ్డెక్కలేదు. ఆయన వాటిని చూడలేదు.

మనం తెలుసుకోవలసినది

ఆయన ఇచ్చిన దానిలో మంచితోపాటు చెడూ ఉంది. డీజిల్ పొగ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012లో ప్రకటించింది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 నియమాలు వచ్చి పొగను కట్టడి చేశాయి. చిన్న బండ్లలో పెట్రోలు, సి.ఎన్.జి. పెరిగాయి. పెద్ద లోడుకు మాత్రం ఎక్కువగా డీజిలే.

ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన మాలాంటి వాళ్ళకు ఈ జీవితంలో రెండు పాఠాలు కనిపించాయి. స్కాలర్‌షిప్పు వచ్చినప్పుడు వదులుకోకూడదు, పరీక్ష తప్పినా ఆ ఖాళీలో పని నేర్చుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఇంజనులో ఎంత వేడి వృథా అవుతోందో పైసా తేడా లేకుండా కొలిచిన మనిషి, తన భారం ఎంతయిందో ఇంట్లో కూడా చెప్పుకోలేకపోయాడు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఏ బండికైనా మోయగల లోడు ఒకటి ఉంటుంది. ఫీజు కట్టలేకపోయినా, మార్కులు తగ్గినా, ఇంటి అప్పు గుర్తొచ్చి నిద్ర పట్టకపోయినా పక్క మంచం మీద ఉన్నవాడికి చెప్పండి, వార్డెను గారికి చెప్పండి, బయటికి వెళ్ళిన మాకు ఉత్తరం ముక్క రాయండి. పంచుకుంటే లోడు తగ్గుతుంది. లోడు తగ్గితే బండి ఎంత దూరమైనా పోతుంది.