బల్బు ఎడిసన్‌ను ఏడిపించిన కారు బ్యాటరీ.. చివరికి గెలిచింది సీసమే!

థామస్ ఆల్వా ఎడిసన్ అనగానే బల్బే గుర్తొస్తుంది. కానీ ఆయన్ని ఏళ్లకేళ్లు ఏడిపించింది కారు బ్యాటరీ!

1847లో అమెరికాలోని ఓహియోలో పుట్టిన ఎడిసన్.. 1900 నాటికే పెద్ద పేరున్న మనిషి. అప్పట్లో రోడ్ల మీద ఎలక్ట్రిక్ కార్లు బాగానే తిరిగేవి. వాటిలో ఉండేది 1859లో ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం, యాసిడ్ బ్యాటరీ. బరువెక్కువ, ఆయుష్షు తక్కువ. ఏళ్ల తరబడి మార్చే పనిలేని బ్యాటరీ చేయాలని ఎడిసన్ పట్టుబట్టారు. సీసం తీసేసి నికెల్, ఇనుము పెట్టారు.

1903లో అమ్మకాలు మొదలయ్యాయో లేదో.. డబ్బాలు కారుతున్నాయని, పవర్ పడిపోతోందని ఒకటే కంప్లైంట్లు. ఎడిసన్ తయారీ ఆపేశారు. పాడైన వాటిని డబ్బులిచ్చి మరీ వెనక్కి తీసుకున్నారు. మళ్లీ ల్యాబ్‌లో కూర్చుని 1909లో కొత్తది తెచ్చారు. ఇది మాత్రం దశాబ్దాలు నడిచే సరుకే.

ఏం లాభం? 1908లోనే ఫోర్డ్ మోడల్ టీ వచ్చేసింది. 1912లో క్యాడిలాక్ కార్లకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. ఇంజిన్ తిప్పాలంటే ఒక్కసారిగా బోలెడు కరెంట్ కావాలి. ఆ పనిలో సీసం బ్యాటరీదే పైచేయి. ఎడిసన్ బ్యాటరీ రైల్వేలకు, గనులకు వెళ్లిపోయింది. అక్కడ డబ్బులు బాగానే తెచ్చిందనుకోండి. 1931లో ఆయన కన్నుమూశారు.

పెట్రోల్, డీజిల్ కార్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఆ సీసం బ్యాటరీయే. మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు వస్తుంది, ఎండలు మండే చోట ఇంకా ముందే పోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ బద్ధకంగా తిరుగుతోందా? ఫుల్ ఛార్జింగ్ పెట్టినా మర్నాటికి నిలవట్లేదా? అయితే మార్చేయాల్సిందే.