ధరలకు శాసనం వ్రాసిన చక్రవర్తి

యుద్ధాలు గెలిచిన చక్రవర్తులు రోము చరిత్రలో పలువురు కలరు. మహాసౌధాలు కట్టించినవారూ కలరు. కాని కూలివాని దినవేతనం మొదలు పట్టునూలు వరకు, సైనికుని చెప్పులు మొదలు ఆఫ్రికా సింహం వరకు, సకల వస్తువులకూ ధర నిర్ణయించి ఆ పట్టికను రాతిపై చెక్కించినవాడు డయోక్లీషియన్ ఒక్కడే. ఆ శాసనం ప్రజలకు మేలు చేయలేకపోయింది. చరిత్రకారులకు మాత్రం అది పెన్నిధి అయినది.

ఆయన జీవితాన్ని ఇప్పుడు తలచుకొనుటకు ఒక కారణమున్నది. ఊహాలోకంలోని వీరుల పాత్రలు ధరించి, బల్లచుట్టూ కూర్చుండి కథ నడిపే ఆటలు నేటి విద్యార్థులలో కొందరికి పరిచితములే. అట్టివానిలో ప్రసిద్ధమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించినారు. వీరుడు సాహసయాత్రకు బయలుదేరే ముందు కత్తి, కవచం, త్రాడు, లాంతరు మొదలైనవి పుస్తకంలోని ధరల పట్టిక ననుసరించి కొనుక్కోవలె. ఆ తొలి పట్టికలో కత్తికి 10 బంగారు నాణేలు, లాంతరుకూ 10 బంగారు నాణేలే! పది అడుగుల కర్రకు ఒక బంగారు నాణెం. 2003లో సవరించిన పుస్తకంలో అదే కర్రకు రెండు వెండి నాణేలు, అనగా 20 రాగి నాణేలు. పది అడుగుల నిచ్చెనకు మాత్రం 5 రాగి నాణేలే. నిచ్చెన కొని, మెట్లు ఊడదీసి, నిలువు కర్రలు రెండూ అమ్ముకొంటే ధనవంతులు కావచ్చునని ఆటగాళ్లు నవ్వుకొన్నారు. నవ్వులాటను అట్లుంచి, ఇందులో ఒక గట్టి ప్రశ్న ఉన్నది. ఒక వస్తువు ధర నమ్మదగినది కావాలంటే దాని వెనుక ఏమేమి ఉండవలె? డయోక్లీషియన్ కథలో దీనికి సమాధానం దొరుకుతుంది.

క్రీ.శ. 244 ప్రాంతాన, నేటి క్రొయేషియాలోని సలోనా నగర పరిసరాలలో ఆయన జన్మించినాడు. తొలి పేరు డయోక్లీస్. లేఖకుని కుమారుడని కొందరు, ఒక సెనేటు సభ్యుడు విముక్తి ప్రసాదించిన దాసుడని కొందరు చెప్పుకొన్నారు. పుట్టుక ఎట్టిదైనా, సైన్యంలో చేరి క్రమక్రమంగా పైకి వచ్చి చక్రవర్తి అంగరక్షకదళానికి నాయకుడైనాడు. పారశీక దండయాత్రనుండి మరలి వచ్చుచున్న యువచక్రవర్తి న్యుమేరియన్ పల్లకిలో మృతుడై కనిపించగా, 284 నవంబరు 20న నికోమీడియా వద్ద సైనికులు డయోక్లీస్‌ను చక్రవర్తిగా ఎన్నుకొన్నారు. హత్యకు కారకుడని సేనాముఖ్యుడైన ఏపర్‌పై నేరం మోపి, ఆతడు సైన్యం కన్నుల ఎదుటనే స్వహస్తంతో వానిని పొడిచి చంపినాడు.

ఆయనకు దక్కిన సామ్రాజ్యం జీర్ణమై ఉన్నది. అంతకు ముందు ఏబది సంవత్సరాలలో ఇరువదిమందికి పైగా చక్రవర్తులు సింహాసన మెక్కినారు. వారిలో పెక్కుమంది కత్తికి బలియైనారు. సైనికుల జీతాలకు ధనం చాలక, పాలకులు వెండి నాణెంలో వెండిని తగ్గిస్తూ వచ్చినారు. 270 నాటికి నాణెంలో నూటికి అయిదు పాళ్లు కూడా వెండి లేదు. పైపూత అరిగితే లోపలి రాగి బయటపడేది. రాజముద్ర అట్లే ఉన్నా నాణెం విలువ పడిపోయింది, సంతలో ధరలు పెరిగినవి.

డయోక్లీషియన్ కార్యశూరుడు. ఒక్కనివల్ల అంత రాజ్యం సాగదని గ్రహించి 286లో మాక్సిమియన్‌ను తనతో సమానుడైన చక్రవర్తిగా చేసుకొన్నాడు; 293లో మరి ఇద్దరు ఉపచక్రవర్తులను నియమించినాడు. రాష్ట్రాలను విభజించి సంఖ్యను సుమారు రెట్టింపు చేసినాడు. 294 ప్రాంతాన పౌనుకు 96 చొప్పున మేలైన వెండి నాణేలు ముద్రింపించినాడు. కాని అవి చాలినన్ని లేవు. తక్కువ లోహపు నాణేలే లోకమంతటా నిండినవి. ధరలు దిగిరాలేదు. 301లో నాణేల మారకపు విలువను ఆజ్ఞతో రెట్టింపు చేసినాడు. అదీ ఫలించలేదు. ఆ సంవత్సరాంతంలో ధరల శాసనం వెలువడింది.

శాసనపీఠికలో నేరమంతా వర్తకుల దురాశపై మోపబడినది. సైనికుడు ఒక్క వస్తువు కొనుటకే తన జీతమూ బహుమానమూ ధారపోయవలసి వచ్చుచున్నదని చక్రవర్తి వాపోయినాడు. నిర్ణీత ధరకు మించి అమ్మినవానికీ, కొన్నవానికీ, సరకు దాచినవానికీ మరణదండనమే. ఆ వెనుక వెయ్యికి పైగా వస్తువుల, సేవల పట్టిక.

ఉపాధ్యాయులకు ఆ పట్టికలో తమవారు కనబడతారు. అక్షరాలు నేర్పే గురువుకు నెలకు బాలునికి 50 డెనేరీలు, గణితం చెప్పువానికి 75, భాషాపండితునికి 200, అలంకారశాస్త్రం బోధించువానికి 250. భోజనంపై వచ్చే వ్యవసాయకూలికి దినానికి 25, వడ్రంగికి 50. వడ్రంగి నెలకు ఇరువది అయిదు దినాలు పనిచేస్తే వచ్చే కూలి, అక్షరాల గురువుకు రావాలంటే ఇరువది అయిదుగురు శిష్యులు ఉండవలె.

ఇక ఆయుధాల మాట. వాడిన కత్తికి పదును పెట్టుటకు 25 డెనేరీలు, అనగా కూలివాని ఒకనాటి శ్రమ. కత్తి ఒరకు 100, అనగా నాలుగునాళ్ల శ్రమ. మేకులు లేని సైనికుల చెప్పులకూ 100. తెల్లని పట్టు పౌను 12,000. ఊదారంగు అద్దిన పట్టు పౌను 1,50,000. పౌను బంగారమే 72,000! ఆ రంగుకై సముద్రపు నత్తలను వేలకొలదిగా చంపవలె. ఆ పట్టు చీనాదేశం నుండి రావలె. ధరలో ఆ శ్రమ, ఆ దూరం రెండూ ఇమిడి ఉన్నవి.

మార్గవ్యయమూ పట్టికలో ఉన్నది. 1,200 పౌనుల బండి బరువుకు మైలుకు 20 డెనేరీలు. నూరు మైళ్లకు 2,000, అనగా కూలివాని ఎనుబది దినాల వేతనం. మన కుంచం వంటి సైనికుల కొలతతో ఒక కొలత గోధుమలు 100 డెనేరీలు. వానిని అలెగ్జాండ్రియానుండి రోముకు ఓడలో చేర్చుటకు 16 చాలును. నీటిదారికీ బండిదారికీ ఎంత భేదం!

ఇంత తెలిసిన పాలకుడు ఒక్క సంగతి మరచినాడు. పండినచోటా, పండని దూరదేశాలలోనూ అదే గరిష్ఠధర అని విధించినాడు. దారిఖర్చు లెక్కకట్టిన పట్టికే ఆ ఖర్చు రాబట్టుకొనే వీలు వర్తకునికి లేకుండ చేసింది. నాణెంలో లోహం కొరవడిన సంగతి పీఠికలో ఎక్కడా లేదు. నికోమీడియాలో లాటిన్ అలంకారశాస్త్రం బోధించిన లాక్టాన్షియస్ తరువాత వ్రాసినదానిని బట్టి, స్వల్పవస్తువులకై రక్తం ప్రవహించింది, భయంతో సరకులు సంతనుండి మాయమైనవి, చివరకు శాసనం సడలిపోయింది. ఆయన క్రైస్తవుడు, చక్రవర్తికి ద్వేషి. కొంత అతిశయోక్తి ఉండవచ్చును. కాని శాసనం నిలువలేదన్నది నిజం.

303లో డయోక్లీషియన్ క్రైస్తవులపై ఘోరహింస సాగించినాడు. అది ఆయన కీర్తికి మాయని మచ్చ. 305 మే 1న, వ్యాధిపీడితుడై, స్వచ్ఛందంగా సింహాసనం విడిచినాడు. అట్లు విడిచిన తొలి రోము చక్రవర్తి ఆయనే. సలోనా చెంత, నేటి స్ప్లిట్ పట్టణంలో, కట్టించుకొన్న సౌధంలో తోటపని చేసుకొంటూ కాలం గడిపినాడు. మరల పాలన చేపట్టుమని అడిగినవారికి, తన చేతితో పెంచిన క్యాబేజీలను చూస్తే ఆ మాట ఎత్తరని బదులు చెప్పినాడట. కొన్ని ఏండ్లకు అక్కడనే కన్నుమూసినాడు.

ఆయన చెక్కించిన రాళ్లు నేటి టర్కీ, గ్రీసు, ఈజిప్టులలో ముక్కలై దొరికినవి. ఐజానీ పట్టణంలో వర్తులాకారపు అంగడి గోడలపై నేటికీ చూడవచ్చును. రాసిన ధరకు జనం అమ్మలేదు గనుక అది సంత ధరల జాబితా కాదు. అయినను ఒక వస్తువుకూ మరొక వస్తువుకూ గల తారతమ్యం అందులో చెక్కుచెదరలేదు.

ఆట కల్పించువారికైనా, చారిత్రక నవల వ్రాయువారికైనా ఉపకరించేది ఆ తారతమ్యమే. ఊహాలోకంలో రాక్షసులు ఉండవచ్చును, మంత్రాలు పలకవచ్చును; కాని కర్ర చెట్టునుండే రావలె, ఇనుము కొలిమిలోనే కాగవలె, బండి దారిపైనే నడవవలె. పట్టిక వ్రాసే ముందు ఒక్కొక్క వస్తువు ఎన్నినాళ్ల కూలి, ఏ సరకు, ఎంత దూరం అని లెక్కించుకొంటే లాంతరు కత్తితో సమానం కాదు, కర్ర నిచ్చెనను మించదు. తరగతిలో ఉపాధ్యాయులు తమ ఊరి సంతలోని పది వస్తువులను ఇట్లే కూలిదినాలలోకి మార్చి చూపమని విద్యార్థులను అడుగవచ్చును. ధర వెనుక మనిషి శ్రమ ఉన్నదని వారికి ఆ లెక్కలోనే బోధపడుతుంది.