వారాల భోజనం నుంచి వెండితెర దాకా... అమరగాయకుడు ఘంటసాల



కృష్ణా జిల్లా బిడ్డలం కాబట్టి పాట విషయంలో కాస్త గొప్పలు చెప్పుకునే హక్కు మనకుంది. తోట్లవల్లూరులో బస్సెక్కి ఉయ్యూరు మీదుగా పామర్రు వెళితే, అక్కడికి కొద్ది దూరంలోనే కూచిపూడి, దాని పక్కనే క్షేత్రయ్య పుట్టిన మొవ్వ. కృష్ణ ఒడ్డు వెంబడి దిగువకు పోతే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శ్రీకాకుళం. బాలమురళీకృష్ణకు సంగీతం నేర్పిన గురువు ఆయనే. ఇంతమంది ఉండగా ఈ సంచికకు మేము ఘంటసాల వెంకటేశ్వరరావు గారి జీవితాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన పాట వినని వాళ్ళు మన హాస్టల్లో ఒక్కరూ ఉండరు. కానీ ఆయన పరాయి ఊళ్ళో, పరాయి వాళ్ళ అన్నం తిని చదువుకున్న సంగతి చాలామందికి తెలియదు. హాస్టల్లో పెరిగిన మనకు ఆ భాగమే ఎక్కువ దగ్గరగా ఉంటుంది.

చల్లపల్లి దగ్గర బౌద్ధ స్తూపం ఉన్న ఘంటసాల ఊరు ఉంది కదా, ఆయన అక్కడ పుట్టారని మన వైపు చాలామంది అనుకుంటారు. అది ఇంటిపేరు మాత్రమే. ఆయన పుట్టింది గుడివాడ దాటాక గుడ్లవల్లేరు వైపు ఉన్న చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న. తల్లి రత్తమ్మ, తండ్రి సూర్యనారాయణ. తండ్రి మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు, తరంగాలు పాడేవారు. నారాయణతీర్థుల తరంగాలు అప్పట్లో మన డెల్టా ఊళ్ళలో పామరులకు కూడా నోటికి వచ్చేవి. ఆయన కొడుకుని భుజం మీద ఎక్కించుకుని భజన జరిగే చోటికల్లా తీసుకుపోయేవారు. తండ్రి పాడుతుంటే పిల్లవాడు తాళానికి తగినట్టు అడుగులు వేసేవాడు. చూసినవాళ్ళు ముచ్చటపడి బాల భరతుడు అని పేరు పెట్టారు.

ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. పిల్లవాడికి 11వ ఏట తండ్రి పోయారు. పోయే ముందు కొడుకుని దగ్గరకు పిలిచి సంగీతం నేర్చుకుని విద్వాంసుడివి కావాలని కోరారు. ఆస్తి ఏమీ మిగల్లేదు, ఆ కోరిక ఒక్కటే మిగిలింది. కుటుంబ భారం మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారి మీద పడింది.

ఇక్కడి నుంచి ఆయన నేరుగా సంగీతం మీద పడ్డారని రాస్తే కథ బాగుంటుంది గాని, అలా జరగలేదు. గురువుల దగ్గర చేర్పించినా అక్కడి కట్టుబాట్లు తట్టుకోలేక ఇంటికి తిరిగి వచ్చేశారు. మనలో హాస్టల్లో చేరిన మొదటి నెలలోనే పెట్టె సర్దుకుని ఊరికి పోయిన వాళ్ళకు ఆ బాధ తెలుసు. ఆ తర్వాత ఒకసారి దగ్గరి ఊళ్ళో కచేరీ జరుగుతుంటే, ఈ కుర్రవాడు అక్కడి విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోయాడు. నలుగురిలో నవ్వులపాలయ్యాడు. ఆ నవ్వు లోపలెక్కడో గుచ్చుకుంది. పట్టుదల అక్కడ మొదలైంది. సంగీతం వచ్చిన వాళ్ళ ఇళ్ళలో పనికి కుదిరి నేర్చుకుందామనుకున్నాడు. ఏడాది గడిచేసరికి ఒక ఇంట్లో బట్టలు ఉతకడం, మరో ఇంట్లో వంట చేయడం వచ్చాయి. సంగీతం మాత్రం రాలేదు.

చివరకు వేలికున్న ఉంగరం అమ్మేశారు. 40 రూపాయల ఉంగరానికి 8 రూపాయలు వచ్చాయి. ఆ డబ్బుతో విజయనగరం రైలెక్కారు.

విజయనగరమే ఎందుకంటే, ఆంధ్ర ప్రాంతంలో అప్పటికి సంగీత కళాశాల ఉన్నది అక్కడే. 1919లో విజయనగరం మహారాజు దాన్ని స్థాపించారు. చాగంటి జోగారావు గారి అంధుడైన కుమారుడు సంగీతం నేర్చుకోవడానికి వేరే దారి లేకపోవడం ఆ కళాశాల పుట్టుకకు కారణమని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ కూడా వినదగ్గదే. చూపు సరిగా లేక బడి చదువు మానేసిన ఆయన ఈ కళాశాలకు విద్యార్థిగా చేరడానికి వచ్చారట. వయొలిన్ విన్నవాళ్ళు ఆయన్ని అధ్యాపకుడిగానే తీసుకున్నారు.

ఘంటసాల వెళ్ళేసరికి కళాశాలకు వేసవి సెలవులు. ప్రిన్సిపాల్ గారిని బతిమాలుకుంటే ఆవరణలో పడుకోవడానికి అనుమతి ఇచ్చారు. తిండికి వారాలు కుదుర్చుకున్నారు. వారాలంటే ఇప్పటి తమ్ముళ్ళకు తెలియకపోవచ్చు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో, అలా ఏడు రోజులకు ఏడు ఇళ్ళు. ఒక ఇంట్లో వాళ్ళు ఊరికి వెళితే ఆ రోజుకు పస్తే. అదీ నిలవలేదు. తోటివాళ్ళు చేసిన తప్పు ఈయన నెత్తిన పడి కళాశాల ఆవరణ నుంచి పంపించేశారు. అది తెలిసి వారాలిచ్చే ఇళ్ళవాళ్ళు కూడా రావద్దన్నారు. ఊరుకాని ఊళ్ళో ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నారు.

ఆ గుడి దగ్గరే పట్రాయని సీతారామశాస్త్రి గారి కంటపడ్డారు. సాలూరు చిన గురువు గారంటే ఆయనే. కళాశాలలో గాత్రం చెప్పేవారు. కుర్రవాడి కథ విని, డబ్బు తీసుకోకుండా తన ఇంట్లోనే పాఠం చెబుతానన్నారు. అయితే గురువు గారూ పేదవారే. పాఠం పెట్టగలరు గాని రెండు పూటలా అన్నం పెట్టలేరు. అప్పుడొక సాధువు ఆయనకు జోలె కట్టి మాధుకరం చేయడం నేర్పాడు. మాధుకరమంటే ఇంటింటా అన్నం అడుక్కోవడం. భుజాన జోలె వేసుకుని వీధులు తిరిగి, దొరికినది పొద్దున కొంత తిని, మిగిలింది రాత్రికని గుడ్డలో మూటకట్టి దాచుకునేవారు. దానికి చీమలు పట్టేవి. మేనమామకు ఉత్తరం రాసి అన్నం దాచుకోవడానికి ఒక చిన్న డబ్బా తెప్పించుకున్నారు. మేము ఘంటసాల గురించి ఎన్నో వ్యాసాలు చదివాము. బిరుదులు, సన్మానాలు అన్నీ మర్చిపోయినా ఆ డబ్బా మాత్రం గుర్తుండిపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన అంత పేదవాడైనా ఆ జోలెకు ఆ వీధుల్లో అన్నం పడింది. ఎందుకంటే వారాలూ మాధుకరమూ బ్రాహ్మణ విద్యార్థికి ఆనాటి సమాజం ఒప్పుకున్న దారులు. అదే వయసులో, అదే గొంతుతో మన తాతల్లో ఒకరు ఆ గడప దగ్గర నిలబడి ఉంటే ఏమై ఉండేది? గుడిలో తలదాచుకోవడం మాట దేవుడెరుగు, గుడి ముందు దాకా పోనిచ్చేవారు కాదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. మన ఉయ్యూరు దగ్గరి ముదునూరులో 1940లో గోరా గారు నాస్తిక కేంద్రం పెట్టి అన్ని కులాల వాళ్ళను ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టిస్తే, అది పెద్ద సాహసంగా చెప్పుకున్న కాలమది. ఇది ఘంటసాల గారి తప్పు కాదు, ఆయన పడిన కష్టం దీనివల్ల తక్కువా కాదు. కాకపోతే ఆ రోజుల్లో పాట నేర్చుకోవాలనుకున్న మన వాడకు జోలె పట్టే అవకాశం కూడా లేదు. ఎన్ని గొంతులు అలా వాడల్లోనే, డప్పుల మధ్యనే ఆగిపోయాయో ఏ రికార్డులోనూ లేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్ మెస్సులో మనం తిన్న అన్నం ఎవరి గడప దగ్గరా అడిగి తెచ్చుకున్నది కాదు. ఆ తేడా తెలిసి ఈ కథ చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.

సెలవులయ్యాక ఆయన కళాశాలలో చేరారు. గురువు గారి శిక్షణ ఎంత గట్టిదంటే, 4 సంవత్సరాల కోర్సు 2 సంవత్సరాలలో పూర్తయింది. తిరిగి చౌటపల్లి చేరి పెళ్ళిళ్ళలో, ఉత్సవాలలో పాడుతూ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటుండగా 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి బళ్ళారి దగ్గరి అలీపురం జైలుకు వెళ్ళారు. విడుదలయ్యాక 1944లో మేనకోడలు సావిత్రి గారితో పెళ్ళి. ఆ పెళ్ళికి కచేరీ ఎవరిదనుకున్నారు? పెళ్ళికొడుకుదే.

అత్తవారి ఊరు రేపల్లె వైపు పెదపులివర్రు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యులు గారిదీ ఆ ఊరే. ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు. కచేరీలు చేసి కొంత, అప్పు చేసి కొంత కూడబెట్టుకుని వెళ్ళారు. సముద్రాల గారి ఇల్లు చిన్నది. వాళ్ళకు భారం కావడం ఇష్టంలేక త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కులో కాపలావాడికి నెలకు 2 రూపాయలిచ్చి రాత్రిళ్ళు అక్కడే పడుకునేవారు. ఎల్లమ్మ గుడి తర్వాత ఇది రెండో ఆరుబయలు మకాం. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు లలిత సంగీతం పాడించారు. పేకేటి శివరాం గారి చొరవతో గ్రామఫోను రికార్డులు వచ్చాయి. సినిమాల్లో మొదట గుంపులో గొంతు కలిపారు, చిన్నాచితకా వేషాలూ వేశారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడిన పాటతో నేపథ్య గాయకులయ్యారు.

ఆ తర్వాతిది అందరికీ తెలిసినదే కనుక త్వరగా చెబుతాం. 1949లో ఎన్.టి.రామారావు గారి మొదటి సినిమా మనదేశంకు సంగీతం ఆయనదే. కీలుగుర్రం, షావుకారు, పాతాళభైరవి, పెళ్ళిచేసిచూడు, గుండమ్మ కథ, లవకుశ కూడా ఆయన బాణీలే. మాయాబజార్‌లో నాలుగు పాటల వరసలు సాలూరు రాజేశ్వరరావు గారివి, మిగతాదంతా ఘంటసాల గారు పూర్తి చేశారు. దేవదాసు సంగీతం మాత్రం సి.ఆర్.సుబ్బరామన్‌ది. ఆ గొంతు అంతగా మన గుండెల్లో పడిపోయి, సంగీతం కూడా ఘంటసాలదే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగాలి. అది పద్యం. మన డెల్టాలో నాటకాలంటే పడిచచ్చే జనం. రాత్రంతా హార్మోనియం ముందు పద్యం పాడే నటుడు ఒక్క ముక్కను పట్టుకుని పది నిమిషాలు రాగం తీసేవాడు, జనం వన్స్‌మోర్ కొట్టేవారు. ఆ హోరులో పద్యంలో ఏముందో చాలామందికి పట్టేది కాదు. ఘంటసాల గారు ఆ రాగాన్ని కుదించారు. మాట మాట విడివిడిగా వినబడేట్టు, ఎక్కడ విరిస్తే అర్థం తెలుస్తుందో అక్కడ విరిచి, చివర కొద్దిగా రాగం తీసి వదిలేవారు. అక్షరం రాని వాళ్ళకూ పద్యం అర్థమైంది. కరుణశ్రీ గారి పుష్పవిలాపం రికార్డు విన్న పల్లెటూరి ఆడవాళ్ళు పువ్వు కోయడానికి వెనకాడారని పెద్దలు చెబుతారు. అంత శాస్త్రీయ సంగీతం నేర్చిన మనిషి, తన విద్వత్తు చూపించుకునే చోటు వచ్చినప్పుడు దాన్ని తగ్గించుకుని మాటకు దారి వదిలారు. మా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని ఇదే.

డబ్బు విషయంలో ఆయన ఏమంత గట్టివారు కాదు. పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ సినిమాలు సొంతంగా తీశారు. లాభం రాలేదు. గురువు గారిని మాత్రం మర్చిపోలేదు. సీతారామశాస్త్రి గారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు మద్రాసులో ఆయనకు సహాయకులుగా చేరి, 1974 వరకు హార్మోనియంతో పక్కనే ఉన్నారు. ఈ సంగీతరావు గారే తర్వాత వెంపటి చినసత్యం గారి నృత్య నాటకాలకు సంగీతం కూర్చారు. వెంపటి వారిది మన కూచిపూడే కదా. విజయనగరంలో పాఠం చెప్పిన ఇంటి సంగీతం అలా మన జిల్లా నాట్యానికి చేరింది. సంగీతరావు గారు నూరేళ్ళు దాటి బతికి 2021లో కన్నుమూశారు.

1970లో ఘంటసాల గారికి పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, ఇంగ్లండు, జర్మనీలలో కచేరీలు చేశారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింటోంది. ఆ దశలోనే భగవద్గీత శ్లోకాలు, తాత్పర్యంతో సహా రికార్డు చేశారు. అది మార్కెట్లోకి రావడం ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి 51 ఏళ్ళు. ఇప్పుడు ఊళ్ళో మైకులో ఆ గీత వినబడితే ఎవరు పోయారని అడగడం అలవాటైపోయింది. బతికున్న వాళ్ళు విని అర్థం చేసుకోవాలని పాడినదాన్ని మనం చావు ఇంటికి పరిమితం చేశాము. ఒకసారి మామూలు రోజున, తీరుబడిగా ఉన్నప్పుడు వినండి. తాత్పర్యం చెప్పే తీరులో ఆ పద్యాల ఘంటసాలే కనిపిస్తారు.

2003లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. విజయవాడలో బాలమురళీకృష్ణ గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాలకు ఇప్పుడు ఘంటసాల గారి పేరే ఉంది. అక్కడ గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం, నాట్యం నేర్పుతారు. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయి. గొంతు బాగున్న తమ్ముళ్ళు మన హాస్టల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు పదో తరగతి పరీక్షలయ్యాక ఒకసారి వెళ్ళి దరఖాస్తు సంగతి కనుక్కోండి. తోట్లవల్లూరు నుంచి విజయవాడ పొద్దున వెళితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.